ఓపికజీతో తెనాలిలో పది రోజులు

మా తెనాలి ఇంటి మేడ మీద వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు ఉంది. మోటార్ వేసి మర్చిపోవడం మా ఇంట్లో వంశపారంపర్యం. నీళ్లు పొర్లి, గోడ మీదుగా పక్కవాళ్ల తులసికోట దాకా పారాక, ఆవిడ ‘పిన్నిగారూ, మోటారూ!’ అని కేకేస్తే అప్పుడు అమ్మ పరిగెత్తుకెళ్లి కట్టేస్తుంది. 2024 మే నెలలో పది రోజులు సెలవు దొరికింది. ఈసారి దీని సంగతి తేల్చేయాలనుకున్నాను.

ప్లాన్ చిన్నదే. ట్యాంకు మూతకి లోపలివైపు శబ్దంతో దూరం కొలిచే ఒక అల్ట్రాసోనిక్ సెన్సర్, దానికో ఈఎస్‌పీ8266 అనే చిన్న వైఫై బోర్డు. నీళ్లు ఎంత దూరంలో ఉన్నాయో అది వైఫైలో చెబుతూ ఉంటుంది. ఆ మాట విని, ట్యాంకు నిండగానే అమ్మ ఫోన్‌కి టెలిగ్రామ్‌లో మెసేజ్ పంపడానికి ఇరవై నాలుగు గంటలూ మేలుకుని ఉండే యంత్రం ఒకటి కావాలి. దీనికోసం కొత్తగా కొనడం ఎందుకని, హైదరాబాద్‌లో మా అటక మీద పడి ఉన్న పాత ఆర్చర్ సి7 రౌటర్‌ని బ్యాగులో పెట్టుకున్నాను. సెన్సర్ పని ఒక్క సాయంత్రంలో అయిపోయింది. మిగతా రోజులన్నీ ఆ రౌటరే తినేసింది.

ఆ రౌటర్‌లో ఉన్నది 16 ఎంబీ ఫ్లాష్ (కరెంటు పోయినా చెరగని చోటు), 128 ఎంబీ ర్యామ్ (కరెంటు పోతే చెరిగిపోయేది). గిగాబైట్లు కాదు, ఎంబీలే. ఇప్పుడు ఫోన్‌లో తీసే నాలుగు ఫొటోలు పట్టేంత చోటులో మొత్తం లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ప్రాజెక్టు రౌటర్లలో లినక్స్ ఇమిడ్చే ఈ పని 2004 నుంచి చేస్తోంది. అంతకుముందు ఏడాది లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటర్ సోర్స్ కోడ్ బయటికి రావడంతో మొదలైన కథ ఇది, పేరులోని ఆ డబ్ల్యూఆర్‌టీ కూడా అక్కడిదే. ఇంత చోటులో కంపైలర్ (రాసిన కోడ్‌ని ప్రాసెసర్ భాషలోకి మార్చేది) పెట్టుకుని ప్రోగ్రాములు తయారు చేసుకోవడం కుదరదు కాబట్టి, ఒక్కో రకం ప్రాసెసర్‌కి వాళ్లే ముందుగా కంపైల్ చేసి వేల ప్యాకేజీలు సిద్ధంగా ఉంచుతారు. మనం దించుకుని వేసుకోవడమే. అప్పట్లో ఆ పని చేసిన ప్రోగ్రామ్ పేరు ఓపీకేజీ. మొదటి రోజు రాత్రికే నేను దాన్ని ఓపికజీ అనడం మొదలుపెట్టాను.

తొలి తప్పు తెనాలి రాకముందే జరిగిపోయింది. స్టేబుల్ వెర్షన్ 23.05 ఉండగా, కొత్తదైతే ఇంకా బాగుంటుందని స్నాప్‌షాట్ వేశాను. స్నాప్‌షాట్ అంటే ఏ రోజుకారోజు తయారయ్యే బిల్డ్. వారం తర్వాత ఊళ్లో కూర్చుని, పెన్‌డ్రైవ్ తగిలిద్దామని యూఎస్‌బీ స్టోరేజ్ మాడ్యూల్ (పెన్‌డ్రైవ్‌ని గుర్తుపట్టే ముక్క) అడిగితే ఓపికజీ ససేమిరా అంది. ఫలానా కెర్నల్, అంటే లినక్స్ గుండెకాయ, కావాలట. ఆ కెర్నల్ పేరు చివర 32 అక్షరాల తోక ఒకటి. కెర్నల్‌ని ఏ ఆప్షన్లతో బిల్డ్ చేశారో వాటి నుంచి లెక్కగట్టిన గుర్తు అది. మాడ్యూల్‌లో ఉన్న తోక, మన రౌటర్‌లో ఉన్న తోక అక్షరం తేడా లేకుండా ఒకటైతేనే ఇన్‌స్టాల్ అవుతుంది. నా కెర్నల్ వారం నాటిది, సర్వర్‌లో మాడ్యూళ్లు ఆ పొద్దుటివి. నా కెర్నల్‌కి సరిపోయేవి ఇక ఎక్కడా లేవు. బలవంతంగా వేసే ఆప్షన్ కూడా ఉంది కానీ, తేడా కెర్నల్‌లో మాడ్యూల్ దూర్చి రౌటర్‌ని చంపుకునే ధైర్యం నాకు లేకపోయింది. స్నాప్‌షాట్ తీసేసి 23.05 వేశాను. స్టేబుల్‌లో కెర్నల్, మాడ్యూళ్లు ఒకే బిల్డ్‌లో పుట్టిన కవలలు, ఈ గొడవ ఉండదు.

కొత్తగా వేశాక ప్యాకేజీల జాబితా తెచ్చుకోబోతే, ఆ వెబ్‌సైట్ అసలుదేనని చెప్పే సర్టిఫికెట్ చెల్లదంది. ఇదేం ఖర్మ అనుకుంటూ డేట్ కమాండ్ కొట్టి చూశాను. రౌటర్ ఇంకా మార్చి నెలలోనే ఉంది! ఇలాంటి పెట్టెల్లో గడియారాన్ని నడిపే బ్యాటరీ ఉండదు. కరెంటు వచ్చిన ప్రతిసారీ తన ఈటీసీ ఫోల్డర్‌లోని ఫైళ్లలో అన్నిటికన్నా కొత్తదాని తేదీ చూసి, ఇవాళ అదే అనుకుని లేస్తుంది. అప్పుడే వేసిన ఫర్మ్‌వేర్ (రౌటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ మొత్తం) కాబట్టి అది బిల్డ్ అయిన రోజు దగ్గరే ఆగింది. దాని లెక్కలో ఆ వెబ్‌సైట్ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు. ఇంటర్నెట్ నుంచి టైమ్ తెచ్చుకోవడానికి దానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. నేను ఆ రెండు నిమిషాలు కూడా ఆగలేదు. టీ తాగొచ్చి మళ్లీ కొడితే సంతకాలన్నీ సరిపోయాయని చెప్పి జాబితాలు దించింది.

నాకు కావాల్సింది మస్కిటో. సెన్సర్ చెప్పే మాటలు అందుకుని, కావాల్సిన వాళ్లకి అందించే ప్రోగ్రామ్ అది. ‘అన్‌నోన్ ప్యాకేజ్’ అంది. మళ్లీ కొట్టాను, మళ్లీ అదే మాట. పది నిమిషాలు తల గోక్కున్నాక అర్థమైంది. కుట్టే దోమకి ఇంగ్లీషులో ఒక టీ, ఈ సాఫ్ట్‌వేర్‌కి రెండు టీలు. రెండో టీ పెట్టగానే సెకన్లలో ఇన్‌స్టాల్ అయిపోయింది. ఇంట్లో వైఫై దాటి బయటికి పోని మాటలే కదా అని ఎస్‌ఎస్‌ఎల్ (మాటల్ని గుప్తంగా పంపే పద్ధతి) లేని చిన్న ప్యాకేజీ తీసుకున్నాను. అరగంటలో మేడ మీది ట్యాంకు తన నీటిమట్టం చెప్పడం, కింద నేను చదవడం అయిపోయింది. అమ్మని పిలిచి మరీ చూపించాను. ‘ఇదేంట్రా, 43 అంటోంది?’ అంది. మూత నుంచి నీళ్లు 43 సెంటీమీటర్ల కింద ఉన్నాయమ్మా అన్నాను. ‘అది తొంగి చూసినా తెలుస్తుందిగా’ అని లోపలికెళ్లిపోయింది.

ఆ సాయంత్రం గాలివాన వచ్చి కరెంటు పోయింది. వచ్చాక, టెలిగ్రామ్‌కి మెసేజ్ పంపే కర్ల్ ఇన్‌స్టాల్ చేద్దామని కూర్చుంటే మళ్లీ ‘అన్‌నోన్ ప్యాకేజ్’. ఈసారి స్పెల్లింగ్ తప్పు కాదు, ఇంగ్లీషులో నాలుగక్షరాల మాటలో తప్పేముంటుంది? పొద్దున తెచ్చిన జాబితాలే మాయమయ్యాయి. ఫ్లాష్ మీద చోటు పొదుపు చేయడానికి ఓపికజీ వాటిని ర్యామ్‌లో ఉండే టీఎంపీ ఫోల్డర్‌లో పెడుతుంది. కరెంటు పోతే పలక తుడిచినట్టే. ఉబుంటు అనే లినక్స్‌లో అప్‌డేట్ ఒకసారి కొట్టి నెల రోజులు ఊరుకునే అలవాటు నాది. ఇక్కడ రీబూట్ అయిన ప్రతిసారీ కొట్టాలి. జాబితా లేదని చెప్పాల్సింది పోయి ప్యాకేజీ తెలియదంటే మనిషికి ఎలా తెలుస్తుంది చెప్పండి.

ఉబుంటు అలవాటు ఇంకొకటి నన్ను నిండా ముంచింది. మూడో రోజు రాత్రి, అన్నీ పనిచేస్తున్నాయి కదా, ఒకసారి ప్యాకేజీలన్నీ అప్‌గ్రేడ్ చేసేస్తే శుభ్రంగా ఉంటుందనిపించింది. పాతబడిన ప్యాకేజీల పేర్లన్నీ ఏరి, ఒకే దెబ్బతో అప్‌గ్రేడ్‌కి ఇచ్చే ఒక లైను నా నోట్సులో ఉంది. కొట్టాను. పది పన్నెండు ప్యాకేజీలు బాగానే సాగాయి. తర్వాత ఓవర్లేలో ఇంత మాత్రమే మిగిలింది, ఈ ప్యాకేజీకి ఇంత కావాలి అని ఎర్రర్లు వరస కట్టాయి. రీబూట్ చేశాను. వైఫై లేదు. లైట్లు వెలుగుతున్నాయి, రౌటర్ పలకట్లేదు. టెన్షన్ అప్పుడు మొదలైంది. ఇంట్లో నెట్ కూడా దాని మీదుగానే వస్తోంది, నాన్న రాత్రి తొమ్మిదింటికి యూట్యూబ్‌లో ప్రవచనం వింటారు.

అసలు ఏం జరిగిందో ఫోన్ డేటాతో చదువుకున్నాను. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో అసలు సిస్టమ్ అంతా స్క్వాష్‌ఎఫ్‌ఎస్ అనే గట్టిగా నొక్కిన, మార్చడానికి వీల్లేని ముద్దలో ఉంటుంది. మనం చేసే మార్పులన్నీ దాని పైన పరిచే ఓవర్లే అనే పొరలో పడతాయి. గోడ మీద మచ్చ కనబడకుండా క్యాలెండర్ తగిలిస్తాం చూడండి, అలాగన్నమాట. మచ్చ పోదు, క్యాలెండర్ మాత్రం చోటు తీసుకుంటుంది. ఫర్మ్‌వేర్‌తో వచ్చిన ప్యాకేజీని అప్‌గ్రేడ్ చేస్తే పాతది ముద్దలో అలాగే ఉంటుంది, కొత్తది పొరలో పడుతుంది. ఒకే సామానుకి రెండుసార్లు చోటు. చివరికి ఫర్మ్‌వేర్‌తో వచ్చినదాన్ని తీసేసినా ఒక్క కేబీ మిగలదు, ‘ఇది తీసేశారు’ అని రాసుకోవడానికి పొరలో ఇంకాస్త ఖర్చవుతుంది. నాకున్న పొర మొత్తం కలిపి ఏడెనిమిది ఎంబీలు. అందులో నేను అప్‌గ్రేడ్ల జాతర పెట్టాను.

అయితే బతికించింది కూడా ఆ క్యాలెండరే. గోడకి ఏమీ కాలేదు కదా! నాన్న పాత డెస్క్‌టాప్‌కి వైరు తగిలించి, రౌటర్ ఆన్ చేసి, లైటు టకటకా కొట్టుకోవడం మొదలవగానే బటన్ నొక్కితే ఫెయిల్‌సేఫ్ అనే దారి తెరుచుకుంటుంది. ఆ క్షణం పట్టుకోవడానికి నాకు నాలుగు ప్రయత్నాలు పట్టింది. లోపలికెళ్లి ఫస్ట్‌బూట్ అని కొట్టి, ‘నిజంగానే తుడిచేయమంటారా’ అని అడిగితే అవునన్నాను. పొర పోయింది, పెట్టె కొత్తదైపోయింది. ప్రవచనం పది నిమిషాలు ఆలస్యంగా మొదలైంది.

తర్వాతి మూడు రోజులు ‘నాట్ ఫౌండ్’ అనే మాటతో గడిచాయి. అన్నిటికన్నా ఎక్కువ నేర్చుకున్నది అక్కడే.

ల్యాప్‌టాప్‌లో రాసుకున్న స్క్రిప్టుని రౌటర్‌లోకి పంపబోయాను. ఫైళ్లు పంపే ఎస్‌సీపీ కమాండ్ కొడితే ఎస్‌ఎఫ్‌టీపీ సర్వర్ ‘నాట్ ఫౌండ్’. నేను అడిగింది ఎస్‌సీపీ, అది వెతికింది ఎస్‌ఎఫ్‌టీపీ. వేరే యంత్రంలోకి వెళ్లడానికి ల్యాప్‌టాప్‌లో ఉన్న కొత్త ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ఎస్‌సీపీ పేరుతో లోపల ఎస్‌ఎఫ్‌టీపీ మాట్లాడుతుందని, రౌటర్‌లో అదే పని చేసే బుల్లి డ్రాప్‌బేర్‌కి ఆ భాష రాదని తెలిసింది. కమాండ్‌లో మైనస్ పెట్టి ఇంగ్లీషు క్యాపిటల్ ‘O’ చేర్చితే పాత పద్ధతిలో పంపుతుంది. సరే, ఫైలు చేరింది. నడిపాను. నా స్క్రిప్టు పేరు పెట్టి మరీ ‘నాట్ ఫౌండ్’ అంది. ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్ కొడితే ఎదురుగానే ఉంది! ఎదురుగా కూర్చున్న మనిషిని ‘ఆయన ఇంట్లో లేరండీ’ అన్నట్టు.

స్క్రిప్టు మొదటి లైన్లో దీన్ని బ్యాష్ అనే షెల్‌తో (కమాండ్లు చదివి నడిపే ప్రోగ్రామ్) నడపమని రాశాను. రౌటర్‌లో బ్యాష్ లేదు. దొరకనిది నా ఫైలు కాదు, దాన్ని చదివి నడిపించాల్సినవాడు. కానీ షెల్ మాత్రం నా ఫైలు పేరే చెబుతుంది. ఇక్కడ షెల్, ఎల్‌ఎస్, గ్రెప్, సార్ట్ అన్నీ కలిపి బిజీబాక్స్ అనే ఒక్కటే ప్రోగ్రామ్. 1990ల మధ్యలో బ్రూస్ పెరెన్స్ డెబియన్ అనే లినక్స్ ఇన్‌స్టాలేషన్‌ని ఒక్క ఫ్లాపీలో ఇరికించడానికి రాసింది. బిన్ ఫోల్డర్‌లో చూస్తే పదుల కొద్దీ పేర్లు కనిపిస్తాయి, చాలా వరకు దానికే లింకులు. మా ఊళ్లో పాత హోటళ్లలో వంటవాడు, సర్వర్, క్యాషియర్ ఒకాయనే అయినట్టు. ఆయనకి బ్యాష్ ముచ్చట్లు కొన్ని రావు.

ఇక అసలు చిక్కు. ట్యాంకులో నీళ్లు పడుతుంటే అలలకి రీడింగులు పిచ్చిగా ఎగురుతాయి. 30 అని, 61 అని, మళ్లీ 31 అని. వాటిని సరిచేసే, సి భాషలో రాసిన చిన్న ప్రోగ్రామ్ మా బావమరిది దగ్గర ఉంది, వాడి రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ మీద బ్రహ్మాండంగా నడుస్తోంది. ‘లినక్స్ అంటే లినక్సే కదా బావా, కాపీ చేసి నడిపెయ్’ అన్నాడు. నడిపాను. ఒకటో లైన్లో సింటాక్స్ ఎర్రర్ అంది. కంపైల్ అయిన ప్రోగ్రామ్‌లో సింటాక్స్ ఎర్రర్ ఏమిటి? వాడిది ఏఆర్‌ఎమ్ ప్రాసెసర్, నాది మిప్స్. ఇది నాకు నడవదని కెర్నల్ చెప్పేసరికి, పోనీ ఏదో స్క్రిప్టు అయ్యుంటుందిలే అని షెల్ దాన్ని చదవబోయింది. కన్నడం పుస్తకాన్ని తెలుగనుకుని చదివి ఒత్తులు తప్పని చెప్పినట్టుంది.

వాడు పట్టు వదల్లేదు. డెబియన్‌లో ఉన్న మిప్స్ క్రాస్ కంపైలర్‌తో (ఒక యంత్రంలో కూర్చుని వేరే రకం ప్రాసెసర్‌కి కట్టేది) మళ్లీ తయారు చేసి పంపాడు. ఈసారి ‘నాట్ ఫౌండ్’. అప్పటికి ఆ మాటకి అర్థం తెలుసు కాబట్టి ఫైలు కోసం వెతకలేదు, దాన్ని నడిపించేవాడు ఎవడా అని చూశాను. ల్యాప్‌టాప్‌లో, ప్రోగ్రామ్‌కి ఏమేం కావాలో చూపే రీడ్‌ఎల్ఫ్ పెట్టి చూస్తే, లిబ్ ఫోల్డర్‌లో ఎల్‌డీ.ఎస్‌ఓ.1 అనే లోడర్ కావాలని రాసి ఉంది. జీలిబ్‌సీ అనే పెద్ద సి లైబ్రరీతో పాటు వచ్చే లోడర్ అది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో ఉన్నది మజిల్ అనే చిన్న లైబ్రరీ. దాని లోడర్ పేరు ఎల్‌డీ-మజిల్-మిప్స్-ఎస్‌ఎఫ్. డాకర్‌లో ఆల్పైన్ అనే చిన్న లినక్స్ వాడేవాళ్లు ఈ ‘నాట్ ఫౌండ్’ దెబ్బ తప్పకుండా తినే ఉంటారు, అక్కడా మజిలే.

‘స్టాటిక్‌గా, లైబ్రరీని లోపలే కలిపి కట్టేస్తా, ఇక ఆ గొడవే ఉండదు’ అన్నాడు మావాడు. కట్టాడు. ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అని ఒక్క మాట చెప్పి చచ్చిపోయింది. దీనికి జవాబు ఆ లోడర్ పేరు చివరే ఉంది, మేమే చూడలేదు. ఎస్‌ఎఫ్ అంటే సాఫ్ట్ ఫ్లోట్. ఈ ప్రాసెసర్‌లో దశాంశ లెక్కలు చేసే హార్డ్‌వేర్ లేదు, ఆ లెక్కల్ని సాఫ్ట్‌వేర్‌తో చేసేలా కంపైల్ చేయాలి. మావాడి ప్రోగ్రామ్ లేని యంత్రాన్ని పనిచేయమంది.

ఒకే ప్రోగ్రామ్, మూడు రాత్రులు, మూడు రకాల ఎర్రర్లు. ప్రాసెసర్ రకం, సి లైబ్రరీ, ఫ్లోట్ పద్ధతి, మాడ్యూళ్లకైతే ఆ కెర్నల్ తోక కూడా. ఓపికజీ జాబితాలో ఉన్న ప్రతి ప్యాకేజీకీ ఇవన్నీ ఎవరో ముందే కలిపి ఉంచారన్నది అప్పటిదాకా నా బుర్రకి ఎక్కలేదు. దానికెంత ఓపిక కావాలో అని మాత్రం అనిపించింది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వాళ్లే ఇచ్చే ఎస్‌డీకేతో (ప్రోగ్రాములు కట్టుకునే సరంజామా) కట్టుకుంటే మా ప్రోగ్రామూ నడిచేది. కానీ ఏడో రోజు పొద్దున్నే పళ్లు తోముకుంటుంటే తట్టింది, ఇంతకీ ఆ ప్రోగ్రామ్ చేసేదేమిటి? ఐదు రీడింగులు తీసుకుని, వరుసలో పెట్టి, మధ్యదాన్ని ఎంచుకోవడం. వరుసలో పెట్టే సార్ట్, కావాల్సిన లైను ఏరే సెడ్ చాలు కదా! రెండూ బిజీబాక్స్‌లో మొదటి రోజు నుంచీ ఉన్నాయి. మస్కిటో క్లయింట్ నుంచి రీడింగులు, సార్ట్, సెడ్, ఇరవై అయిదు సెంటీమీటర్ల కన్నా దగ్గరకొస్తే కర్ల్‌తో టెలిగ్రామ్‌కి మెసేజ్. మొత్తం పన్నెండు లైన్లు. బావమరిదికి చెప్తే ఫోన్లో కాసేపు మాట్లాడలేదు.

(ఇరవై అయిదు ఎందుకంటే, నీళ్లకి తడవని రకం సెన్సర్ మరీ దగ్గరి దూరాలు సరిగా కొలవలేదు. అందుకే సెన్సర్‌ని మూత పైన చిన్న పైపు ముక్క పెట్టి ఎత్తాను. ఈ పైపు పని ప్లంబర్‌ది, అతను రావడానికి ఓపికజీ కన్నా ఎక్కువ ఓపిక పట్టాల్సొచ్చింది.)

చివరి రెండు రోజులు మాత్రం హాయిగా నడిచాయి. ప్యాకేజీలు ఒక్కొక్కటీ పొరలో వేసుకునే బదులు, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వాళ్ల ఫర్మ్‌వేర్ సెలెక్టర్‌లో మన రౌటర్ పేరు ఇచ్చి, ప్యాకేజీల పెట్టెలో కావాల్సినవి రాస్తే వాళ్ల సర్వరే మనకోసం ఒక ఇమేజ్ కట్టి ఇస్తుంది. మస్కిటో, దాని క్లయింట్, కర్ల్ చేర్చాను. నెట్ కంపెనీకి లాగిన్ అయ్యే పీపీపీ ప్యాకేజీల పేర్ల ముందు, అవి వద్దని మైనస్ పెట్టాను, ఆ పని ఫైబర్ బాక్సే చూసుకుంటోంది. కొద్ది నిమిషాల్లో ఫైలు చేతికొచ్చింది. ఇప్పుడు ఇవన్నీ గోడలోనే ఉన్నాయి, నొక్కిన ముద్దలో భాగంగా. తీసేసినవి నిజంగానే తీసేసినట్టు. పొర దాదాపు ఖాళీ. ఇంకో లాభం కూడా ఉంది. ఫర్మ్‌వేర్ కొత్త వెర్షన్‌కి మార్చినప్పుడు సెట్టింగులు మిగులుతాయి కానీ, మనం విడిగా వేసుకున్న ప్యాకేజీలు మిగలవు. ఇమేజ్‌లోనే కట్టేస్తే ఆ మతిమరుపు బెడద ఉండదు. పెన్‌డ్రైవ్ ఆలోచన కూడా మానేశాను, అంత చోటు ఇక ఎవరికి కావాలి?

2025లో 24.10కి మారినప్పుడూ ఇలాగే చేశాను, పావుగంటలో అయిపోయింది. ఆ వెర్షన్‌లో ఓపికజీ ఇంకా ఉంది. డెవలప్‌మెంట్ బ్రాంచిలో మాత్రం 2024 నవంబర్‌లోనే దాన్ని పక్కన పెట్టి ఆల్పైన్ వాళ్ల ఏపీకే అనే ప్యాకేజీ ప్రోగ్రామ్ తెచ్చారు. ఆండ్రాయిడ్ ఏపీకే కాదు, పేరొక్కటే. ఇంత తిట్టుకున్నాక కూడా ఆ వార్త చదివి కాస్త బాధేసింది.

సెలవు ఆఖరి రోజు సాయంత్రం పరీక్ష. కావాలనే మెయిన్ స్విచ్ ఆపి వేశాను. రౌటర్ లేచింది, రెండు నిమిషాలకి టైమ్ సరిచేసుకుంది, మస్కిటో లేచింది. మోటార్ వేసి అందరం వరండాలో కూర్చున్నాం. నలభై నిమిషాలకి అమ్మ ఫోన్ టింగుమంది: ‘ట్యాంకు నిండింది.’ ఒక్క చుక్క పొర్లలేదు. నేను గర్వంగా అమ్మ వైపు చూశాను.

‘మెసేజ్ సరే’ అంది అమ్మ, మోకాళ్ల మీద చేతులానించి లేస్తూ. ‘మోటార్ కట్టడానికి దొడ్లోకి వెళ్లాల్సింది నేనేగా?’